వినుకొండ మీద ఒట్టు

వినుకొండ అనగానే మా పిల్లలకి సీతాఫలాలు గుర్తొస్తాయి. బస్టాండు బయట గంపలు పెట్టుకుని కూర్చునే ఆడవాళ్ళు, కొండ మీద దొనలో పాచి పట్టిన నీళ్ళు, చేతిలో కొబ్బరిచిప్ప లాక్కుపోయే కోతులు. సెలవులకి వచ్చినప్పుడల్లా కొండెక్కుదామని గొడవ చేస్తారు. నేను మాత్రం "మీరు ఎక్కి రండి, నాకు మోకాళ్ళ నొప్పులు" అని మెట్ల మొదట్లో కూర్చుంటాను. నా మోకాళ్ళు శుభ్రంగా ఉన్నాయి. ఆ కొండని ఒకే రోజు రెండుసార్లు ఎక్కినదాన్ని నేను. ఈ జన్మకి అది చాలు.

అది తొంభైల చివర. పత్తికి పచ్చపురుగు పట్టి, మందు కొట్టీ కొట్టీ, ఊళ్ళో అన్నం ముద్ద కూడా మందు వాసన వేసే రోజులు. నాకు పద్దెనిమిదేళ్ళు. పది తప్పి ఇంట్లో కూర్చున్నాను. మా ఊరు వినుకొండకీ దర్శికీ మధ్య ఉంటుంది. డాబా ఎక్కితే కొండ కనపడేది, చెట్టూ చేమా పెద్దగా లేని ఒంటి బండ. రోజూ చూస్తూ కూడా ఎన్నడూ ఎక్కలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, దగ్గరున్న కొండని చూడ్డానికి ఎవరు పోతారు?

మా నాన్నకి ఒక్కడే అన్న. మా పెదనాన్నకి ఒక్కడే కొడుకు, నేను అన్నయ్యా అని పిలిచేదాన్ని. రెండిళ్ళకీ కలిపి ఆడపిల్లని నేనొక్కదాన్నే. నాకు చెవులు కుట్టించింది పెదనాన్న ఒళ్ళో. నేను ఏడుస్తూ ఆయన బుగ్గ గీరితే ఆ గాటు చాలా రోజులు ఉందట. "మా అమ్మలు పెట్టిన సంతకం" అని ఊరంతా చూపించుకున్నాడట.

అన్నదమ్ముల పొలాలు పక్కపక్కన. మధ్యలో గట్టు, గట్టు చివర హద్దురాయి. మా వైపు గట్లు ఒకచోట నిలబడి ఉండవు, నడుస్తాయి. దుక్కి దున్నినప్పుడల్లా ఒక చాలు గట్టులోకి పోనిస్తారు. అవతలివాడు అది చూసి తనూ ఒక చాలు ఇటు పోనిస్తాడు. చివరికి గట్టు మనిషి కాలు పట్టనంత సన్నమైతే, ఇద్దరూ కలిసి హద్దురాయిని చూసుకుని మళ్ళీ గట్టు వేసుకుంటారు. దీన్ని ఎవరూ దొంగతనం అనరు. రాయి జోలికి పోనంతవరకూ అది ఒక రకం ఆట.

మా నాన్న రాయి జోలికి పోయాడు.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. అలాంటి మిట్టమధ్యాహ్నం, ఊళ్ళో కుక్క కూడా నీడ వదలని వేళ, నాన్న నన్ను కేకేశాడు. "అమ్మాయ్, హద్దురాయి ఒరిగిందంట. నిలబెట్టొద్దాం రా. పలుగు పట్టుకో" అన్నాడు. వెళ్ళాను. రాయి నిటారుగానే ఉంది. నాన్న దాన్ని పెకలించి, పెదనాన్న చేలోకి నాలుగడుగులు జరిపి, అక్కడ కొత్త గుంట తవ్వాడు. రాయి పడకుండా నేను పలుగు ఆనించి పట్టుకున్నాను. నిలబెట్టడానికి కొత్త గుంటెందుకు నాన్నా అని అడిగితే, "పదో తరగతి తప్పావు గానీ ప్రశ్నలు మాత్రం తప్పవు నీకు" అని నవ్వాడు. పాత గుంట పూడ్చి, పైన కంప పరిచాడు. ఇంటికొచ్చి చల్ల తాగి, మూతి తుడుచుకుంటూ, "ఎవరితో అనమాక" అన్నాడు. అప్పుడు అర్థమైంది నాకు. అయినా ఎవరితోనూ అనలేదు. మా నాన్న కదా.

వానలు పడ్డాక నాన్న జరిపిన రాయి దగ్గర్నుంచి గట్టు వేసి, పొలం పొడవునా ఆ నాలుగడుగుల్లోనూ పత్తి పెట్టేశాడు. పెదనాన్న అడిగాడు. నాన్న అరిచాడు. సర్వేయరు వచ్చి గొలుసు లాగాడు గానీ, కొలత మొదలుపెట్టాల్సిన రాయి మీదే తగువైతే ఎక్కణ్ణుంచి కొలుస్తాడు? చేతులు దులుపుకుని పోయాడు. దసరా దాటి పత్తి మొదటి తీత మొదలయ్యే నాటికి రెండిళ్ళ మధ్య మాటలు లేవు.

ఆ రోజు మేం పత్తి తీస్తున్నాం. పెదనాన్న గట్టు దాటి వచ్చి ఆ నాలుగడుగుల్లో కాయ తెంపుతున్నాడు. "నా చేలో చెయ్యి పెడతావేంట్రా" అన్నాడు నాన్న, సొంత అన్నని. పెదనాన్న తలెత్తకుండా, "నీ చెయ్యి ముందు నా చేలో పడింది" అన్నాడు. అంతే. నాన్న గట్టు మీదున్న పార అందుకుని, తిప్పి దాని కర్రతో తల మీద కొట్టాడు. నేను పక్క చాలులోనే ఉన్నాను. నా ఒడిలో ఉన్న పత్తి మీద పెదనాన్న నెత్తురు పడింది. పత్తి నెత్తుర్ని ఎంత తొందరగా తాగేస్తుందో అప్పుడు చూశాను.

అన్నయ్య వాళ్ళ చేలో మందు కొడుతున్నాడు. పంపు గొట్టం ఊడబీక్కుని పరుగున వచ్చి నాన్న చేతి మీద వేశాడు. రెండు వేళ్ళు విరిగిన చప్పుడు వినపడింది, ఎండు పత్తికట్టె విరిచినట్టు. అమ్మ మట్టిపెళ్ళలు తీసి అన్నయ్య వీపు మీద కొడుతూనే ఉంది. నేనూ పెళ్ళలు విసిరాను. ఎవరికి తగిలాయో తెలియదు. ఆ క్షణాన ఎవరికి తగిలినా పరవాలేదనిపించింది. కూలికి వచ్చినవాళ్ళు దూరంగా నిలబడి చూశారు తప్ప అడ్డం రాలేదు. అన్నదమ్ముల మధ్యకి పోయినవాడికి రెండు వైపులా పడతాయి మరి.

పెదనాన్నకి తలమీద కుట్లు, నాన్నకి చేతికి కట్టు. స్టేషను దాకా పోకుండా ఆపింది మా ఊరి పెద్దమనిషి. నోరు తెరిస్తే సామెత, మూస్తే చుట్ట, అదీ ఆయన. ఇద్దర్నీ అరుగు మీద కూర్చోబెట్టి పెదనాన్నతో అన్నాడు.

"రాయి ఎవరు జరిపారని నేనడగను. అడిగితే మళ్ళీ తలకాయలు పగుల్తాయి. కార్తీక సోమవారం వినుకొండ కొండమీదికి పోదాం. రాయికి ఇవతలున్న నేల తనదని శివుడి ముందు కర్పూరం ఆర్పి మీ తమ్ముడు చెప్తే, నువ్వు నోరు మూసుకో. చెప్పలేకపోయాడా, రాయి పీకి నీ ఇష్టమొచ్చిన కాడ పెట్టుకో."

పెదనాన్న ఒప్పుకున్నాడు. దేవుడి ముందు తమ్ముడు అబద్ధం ఆడడని ఆయన నమ్మకం. తల పగిలినా ఆ నమ్మకానికి బీట పడలేదు.

సిగ్గు లేకుండా చెబుతున్నాను, నేను సంబరపడ్డాను. కొత్త ఓణీ వేసుకున్నాను. రెండు ట్రాక్టర్లెందుకు దండగ అని పెద్దమనిషి అందర్నీ ఒకే ట్రాక్టరు ట్రక్కులో ఎక్కించాడు. గడ్డి మీద అమ్మా పెద్దమ్మా వీపులు ఆనించుకుని కూర్చున్నారు, ఒకరి మొహం ఒకరు చూడకుండా. గతుకు వచ్చినప్పుడల్లా ఒకరి తల ఇంకొకరికి తగిలేది. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు, ఎందుకంటే అన్నయ్య గడ్డి కింద కొడవలి దాచడం చూశాను. కొబ్బరికాయ కొట్టడానికి కొడవలి అక్కర్లేదు.

వినుకొండ ఊళ్ళోకి వచ్చేసరికి కొండ నెత్తిమీద కూర్చున్నట్టే ఉంది. డాబా మీంచి చూసినప్పుడు అంత పెద్దదని తెలియలేదు. రోడ్డుకి రెండు పక్కలా విత్తనాల కొట్లు, పురుగుమందుల కొట్లు, వాటి బోర్డుల మీద చెయ్యంత మిరపకాయల బొమ్మలు. నిజం మిరపకాయలు బస్తాల్లో లారీ ఎక్కుతున్నాయి, ఆ ఘాటుకి వీధంతా తుమ్ముతోంది. పెద్దమ్మ ఒక గంప దగ్గర ఆగి, బాగా పండిన సీతాఫలం ఒకటి కొని, నాతో మాట్లాడకుండా నా చేతిలో పెట్టి పోయింది.

మెట్లు ఎక్కుతుంటే బండల మధ్య చల్లని గాలి తగిలింది. ఒకదాని మీద ఒకటి నిలబడ్డ గుండ్లు, ఎప్పుడు దొర్లుతాయో అన్నట్టు. వాటి సందుల్లోంచి మొలిచిన సీతాఫలం పొదలు, కూలిన కోట గోడలు, దొనలో ఆకాశం. పైకి వెళ్ళాక పడమటగా నల్లమల నీలంగా కనపడింది, దక్షిణాన గుండ్లకమ్మ గీత. అంత దూరం నేనెప్పుడూ చూడలేదు. మా పొలం ఎక్కడుందో వెతికాను. ఆ ఎత్తుకి ఏ గట్టూ కంటికి ఆనలేదు, అంతా ఒకటే చేను.

గుడి ముందు పళ్ళెంలో కర్పూరం వెలిగించారు. నాన్న కట్టు లేని చెయ్యి చాపాడు. అప్పుడు అన్నయ్య అన్నాడు.

"కర్పూరం ఎవడైనా ఆర్పుతాడు. బాబాయిని పిల్ల నెత్తి మీద చెయ్యేసి చెప్పమనండి."

పెదనాన్న ఉలిక్కిపడి కొడుకు వైపు చూశాడు. వద్దంటాడనుకున్నాను. అనలేదు. తరవాత తనే నాకు చెప్పాడు ఎందుకు అనలేదో. బిడ్డ మీద ఎవడూ అబద్ధపు ఒట్టు వెయ్యడు, ఇప్పుడు తమ్ముడు వెనక్కి తగ్గుతాడు, తగువు తీరిపోతుంది అనుకున్నాడట. తన జన్మలో అంత తప్పు లెక్క ఎన్నడూ వెయ్యలేదన్నాడు.

నాన్న నా తల మీద చెయ్యి పెట్టాడు. పలుగు పట్టుకుని రాయి నిలబెట్టిన పిల్ల తల మీద. "రాయికి ఇవతలున్న నేలంతా నాది. కాకపోతే ఈ బిడ్డ నాకు దక్కదు" అన్నాడు.

చెయ్యి వణకలేదు. నాకు ఇప్పటికీ కోపం దానికే. వణికి ఉంటే క్షమించేదాన్నేమో.

మేం నిలబడిన బండకి పక్కనే లోయ. అన్నయ్య పిడికిళ్ళు బిగించి ఉన్నాడు. నోరు తెరిస్తే నాన్న పోతాడు, మూసుకుంటే నేను పోతాను. ఆ వయసులో అంతే స్పష్టంగా ఉంది నాకు. మూసుకున్నాను. పెదనాన్న "సరేరా, నీదే" అని కండువా దులుపుకుని మెట్లు దిగాడు. సీతాఫలం నా చేతిలో ఎప్పుడు చితికిందో తెలియదు. దిగినంతసేపూ మోచేతి దాకా రసం కారుతూనే ఉంది.

తిరుగు దారిలో గుండ్లకమ్మ దగ్గర ట్రాక్టరు ఆపారు. కార్తీక మాసం, స్నానం చేసి పోదామని పెద్దమనిషి మాట. ఆడవాళ్ళు ఎగువకి పోయారు. నేను ఒడ్డున రాయి మీద కూర్చున్నాను. నాన్న దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడకుండా, "దిగు. మూడు మునకలెయ్యి. తలమీదుగా వెయ్యాలి" అన్నాడు.

"ఎందుకు?" అన్నాను.

"వెయ్యమంటే వెయ్యి. పోద్ది."

పోతుందట. ఏం పోతుందో ఆయనకి తెలుసు. అంటే కొండమీద మాట అన్నప్పుడూ తెలుసు. ఆ ఒట్టుకి బలం ఉందని నమ్మి, నమ్మే నాలుగడుగుల నేలకి ఎదురుగా నన్ను పెట్టాడు. నా ఒళ్ళు మండిపోయింది. "వెయ్యను. చస్తే చస్తాను, నీ కళ్ళముందే చస్తాను" అన్నాను.

నాన్న నా జడ పట్టుకున్నాడు. నీళ్ళలోకి లాక్కుపోయి తల ముంచాడు. ఒకటి. పైకి లేపితే ఊపిరి తీసుకునేలోపు రెండోసారి. నీళ్ళు ముక్కులోకి, గొంతులోకి పోయాయి. అడుగున ఇసుక నోట్లోకి వచ్చింది. పైన నాన్న ఏడుపు వినపడుతోంది, "అయిపోయింది తల్లీ, ఇంకొక్కటి, ఇంకొక్కటి" అంటున్నాడు. నన్ను బతికించుకోవడానికే చంపుతున్నాడు. మూడోసారి ముంచబోతే కట్టున్న చెయ్యి నోటికి అందింది. విరిగిన వేళ్ళని పళ్ళు దిగేదాకా కొరికాను. ఆయన అరుపుకి పక్షులు లేచాయి.

పిల్లని చంపేస్తున్నాడనుకుని పెదనాన్న పంచెతోనే నీళ్ళలోకి దూకి, నాన్న మెడ పట్టుకుని అవతలికి నెట్టాడు. నేను దగ్గుతూ, నీళ్ళు కక్కుతూ, ఉన్నదంతా కక్కేశాను. "రాయి జరిపాడు. పలుగు నేనే పట్టుకున్నా. అది నీ నేలే పెదనాన్నా."

అన్నయ్య ట్రక్కు దగ్గరికి పరిగెత్తాడు, కొడవలి తీశాడు, నీళ్ళలోకి దిగాడు. నాన్న కదల్లేదు. మెడ చాపినట్టే నిలబడ్డాడు. పెదనాన్న మధ్యకి వచ్చి, దిగుతున్న కొడవలిని ఒట్టి చేత్తో పట్టుకున్నాడు. అరచెయ్యి ఈ చివర నుంచి ఆ చివరకి తెగింది. అన్నయ్య కొడవలి వదిలేసి, నీళ్ళలో కూలబడి, చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

పెదనాన్న అన్న మొదటి మాట నేల గురించి కాదు. "పొద్దెంతుందిరా?" అని అడిగాడు. వాళ్ళ నాయనమ్మ చెప్పేదట, అబద్ధపు ఒట్టు పొద్దు కుంకాక పడుతుందని. "కొండపైకి రా. దేవుడి ముందు చెప్పింది దేవుడి ముందే తీసెయ్యి" అని తమ్ముణ్ణి అడిగాడు. అడగడం కాదు, నెత్తురు కారే చేతిని పట్టుకుని బతిమాలాడు. నాన్న ఇసుకలో కూర్చున్నాడు. నా వైపు చూశాడు, పెద్దమనిషి వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు. "ఊళ్ళో తలెత్తుకోలేను అన్నయ్యా" అన్నాడు.

ఒట్టు తీసి గట్టు మీద పెట్టడం చిన్నపిల్లలకి చాతనవుతుంది. మా నాన్నకి చాతకాలేదు.

పెదనాన్న ఇక ఆయనతో మాట్లాడలేదు. కండువా చింపి చేతికి చుట్టుకున్నాడు. దర్శి వైపు నుంచి వినుకొండ మీదుగా మిల్లులకి పోయే పత్తి లారీకి అడ్డం నిలబడి ఆపాడు. నన్ను ఎక్కించి తనూ ఎక్కాడు. తడి ఓణీతో, నోట్లో ఇసుకతో, మళ్ళీ అదే కొండ. మెట్ల మీద ఆయన కుట్లు పిగిలి చెవి పక్కగా నెత్తురు కారింది. ఆగుదాం పెదనాన్నా అంటే, "ఆగితే పొద్దు ఆగదు" అన్నాడు. పైకి చేరేసరికి నల్లమల మీద సూర్యుడు ఇంకా జానెడు ఉన్నాడు.

దొన దగ్గర కూర్చుని, తెగిన చేతికి చుట్టిన గుడ్డ విప్పాడు. నీళ్ళు దోసిట్లో తీసుకుని, గుడి వైపు తిరిగి, "రాయికి అవతలున్న నాలుగడుగుల నేల మా తమ్ముడికి ఇచ్చేశాను. ధారపోస్తున్నాను. వాడిదే. వాడన్నది నిజమే" అని వేళ్ళ సందుల్లోంచి వదిలాడు. ఎర్రటి నీళ్ళు బండ మీద పారాయి. అబద్ధాన్ని నిజం చేయడానికి ఆయనకి తోచిన దారి అదొక్కటే. తరవాత మంచి చేత్తో నా తల తడిమాడు, అక్కడేదో అంటుకుని ఉంటే దులుపుతున్నట్టు.

నేను ఆయన మోకాళ్ళ మీద తల పెట్టుకుని గట్టిగా ఏడ్చాను. నాకు ఒట్ల మీద నమ్మకం లేదు. ఆ ఒక్కరోజు మాత్రం ఉంది.

ఆ నాలుగడుగుల్లో నాన్న సిగ్గుపడి బీడు వదిలేశాడని ఎవరైనా అనుకుంటారేమో. లేదు. పై ఏడు మిరప వేశాడు. బాగా కాసింది. ఆ కారం మేం తిన్నాం. నేనూ తిన్నాను. నాకు జ్వరం వస్తే మాత్రం నాన్న రాత్రంతా మంచం పక్కన కూర్చునేవాడు, తల మీద తడిగుడ్డ వెయ్యడానికి అమ్మని పిలిచేవాడు. తను నా తల మీద చెయ్యి పెట్టలేదు. నా పెళ్ళిలో అక్షింతలు కూడా దూరం నుంచే విసిరాడు. ఆయన గుండెపోటుతో పోయిన రోజు నాకు ఏడుపు వచ్చింది, కోపం పోలేదు. రెండూ ఒకే మనిషిలో ఉంటాయి.

పొలం నా పేరుకి వచ్చిన ఏడాది, రోహిణి కార్తెలో, మిట్టమధ్యాహ్నం, పలుగు పట్టుకుని ఒక్కదాన్నే వెళ్ళాను. రాయి చుట్టూ మన్ను తవ్వి పలుగు దూర్చాను. పెదనాన్న తన చేలో తుమ్మ నీడ కింద ఉన్నట్టున్నాడు, కర్ర పొడుచుకుంటూ వచ్చాడు.

"కదపమాక అమ్మలూ."

"నీ నేల నీకిచ్చేస్తున్నా పెదనాన్నా."

"నేల ఎవడిక్కావాలి. రాయి జరిగితే ఒట్టు మళ్ళీ అబద్ధమైపోద్ది."

"ఒట్టేసినాయన పోయాడు కదా."

"వేసినోడు పోయాడు. నెత్తి ఉందిగా" అన్నాడు, నా తల వైపు చూస్తూ.

నేను తవ్విన మన్నంతా కాలితో తోసి, చుట్టూ తొక్కి గట్టి చేశాడు. నా చేతిలోంచి పలుగు తీసుకున్నాడు. అరచేతిలో అడ్డంగా ఆ మచ్చ పలుగు చుట్టూ ముడుచుకుంది. దాన్ని భుజాన వేసుకుని ముందు నడిచాడు, రాయికి ఇవతల ఒక్క అడుగు కూడా పడకుండా, తన చాళ్ళలోనే.